జాగిలం నుండి బుల్‌డాగ్ దాకా: వడమాలపేట ప్రాంతంలో బలిష్ఠ శునకాల పోషణ - ఒక వివరణ

వ్యాస సంగ్రహం:

తెలుగు సాహిత్యంలోను, దక్షిణ భారత శాసనాలలోను బలమైన కుక్కకు ఒక పని, ఒక యజమాని, ఒక పేరు ఉన్నాయి. నేడు కాపలా కోసం తెచ్చుకుంటున్న అమెరికన్ బుల్‌డాగ్ వంటి విదేశీ పనికుక్కలకు బలం ఉంది గాని, ఆ బలానికి తగిన పని గాని, దానిని ఎరిగిన పెంపకం గాని చాలాచోట్ల లేదు. తిరుపతి జిల్లా వడమాలపేట పరిసరాల వాతావరణాన్ని, జీవనాన్ని దృష్టిలో ఉంచుకొని ఇటువంటి కుక్కతో కలిసి జీవించడంలోని శారీరక, సామాజిక, చట్టపరమైన అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. వాటికి పూర్వరంగంగా శునకవాచక పదాలను, శాసనాధారాలను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జాగిలం, కౌలేయకం, బుల్‌డాగ్, ఆతకూరు శాసనం, వడదెబ్బ, పిడుదులు, చిక్కం, వడమాలపేట.

1. ప్రవేశిక:

తిరుపతి నుండి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై వెళ్ళే రహదారిపై వడమాలపేట ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఇది చిత్తూరు జిల్లాలోని మండలం. ప్రసన్న వేంకటేశ్వరుని ఆలయమున్న అప్పలాయగుంట ఈ మండలంలోనిదే. ఒక పక్క కొండలు, మరో పక్క మామిడి తోటలు, చేలు, వాటిని చీల్చుకుంటూ పోయే రహదారి. ఊరికి దూరంగా తోటలో కట్టుకున్న ఇంటికి, మోటారు కొట్టానికి, కోళ్ళఫారానికి కాపలా కావాలి. ఆ కాపలా ఒకప్పుడు ఊరకుక్కదే. పట్టణాల కుక్కల అంగళ్ళు దగ్గరయ్యాక, చరవాణిలో ఫోటో చూసి బయానా పంపే అలవాటు వచ్చాక, పెద్ద తల, వెడల్పు ఛాతీ, బిగువైన దవడ గల విదేశీ జాతులపై మోజు పెరిగింది. వాటన్నిటికీ జనవ్యవహారంలో ఒకే పేరు: బుల్‌డాగ్.

ఈ ఒకే పేరు చేసే చెరుపు చిన్నది కాదు. మూతి లోపలికి నొక్కుకుపోయి, పొట్టి కాళ్ళతో గురకపెట్టే ఇంగ్లిష్ బుల్‌డాగ్ వేరు. పొలం పనికి పుట్టిన అమెరికన్ బుల్‌డాగ్ వేరు. ఇటీవలి దశాబ్దాలలో ఆకృతి కోసం పెంచిన అమెరికన్ బుల్లీ వేరు, పిట్‌బుల్ వేరు. ఉత్తర భారతంలోని బుల్లీ కుత్తా ఈ కుటుంబానికి చెందనే చెందదు. ఏ కుక్కను తెచ్చుకున్నారో తెలియకపోతే దానికి ఎంత తిండి, ఎంత నడక, ఎంత నీడ కావాలో కూడా తెలియదు.

2. పదం వెంట ప్రయాణం:

తెలుగులో కుక్కకు ఉన్న పేర్లను గమనిస్తే సమాజం ఆ జంతువును ఎన్ని స్థాయులలో చూసిందో అర్థమవుతుంది. కుక్క సామాన్య నామం. శునకం, శ్వానం గ్రాంథికాలు. సారమేయం పురాణ వంశవాచి, గ్రామసింహం సగం ఎత్తిపొడుపు. వేటకు, పనికి తర్ఫీదు పొందినది మాత్రమే జాగిలం. ఈ భేదం నేటికీ చెడలేదు. దినపత్రికల్లో దొంగతనం జరిగిన చోటికి వచ్చేవి పోలీసు జాగిలాలు. వీధిలో బిడ్డను కరిచినవి కుక్కలు. రెండూ ఒకే జంతువైనా పని ఉన్నదానికి ఒక మాట, లేనిదానికి ఒక మాట వాడుకలో నిలిచాయి.

అమరకోశం ఇంకొంత ముందుకు వెళ్ళింది. వేటలో నేర్పుగల కుక్కకు విశ్వకద్రువని, పిచ్చికుక్కకు అలర్కమని వేర్వేరు పేర్లు చెప్పింది. కౌలేయకం అనే పదం మరీ ఆసక్తికరమైనది. కుల శబ్దం నుండి కుక్క అనే అర్థంలోనే ఈ రూపం ఏర్పడుతుందని పాణిని ప్రత్యేకంగా సూత్రించాడు. కుల శబ్దానికి ఇల్లు, వంశం అనే రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి ఇంటిపట్టున పుట్టి పెరిగినదనీ, మంచి వంశంలోనిదనీ రెండు విధాలా చెప్పుకోవచ్చు. కుక్కపిల్లకు వంశపత్రం అడిగే నేటి కొనుగోలుదారు తనకు తెలియకుండానే పాణిని సూత్రానికి ఒక ఉదాహరణ అవుతున్నాడు.

సాహిత్యంలో శునకం స్థానం ఒకేరీతిగా లేదు. నీతిశతకాలు దానిని నీచత్వానికి పోలికగా వాడుకున్నాయి. ఆంధ్రమహాభారతం మాత్రం కథారంభంలోనే ఒక కుక్కపిల్లకు న్యాయం అడుగుతుంది. జనమేజయుని యాగశాలకు ఆడుకోవడానికి వచ్చిన సారమేయుని రాజు తమ్ములు కొట్టగా, తల్లి సరమ నిండు సభకు వచ్చి నిలదీసింది. తగినది, తగనిది ఆలోచించక సాధువులను, పేదవారిని బాధించేవారికి కారణం తెలియని భయాలు కలుగుతాయని హెచ్చరించింది. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిందీ కుక్కే. ఆ మహేతిహాసానికి రెండు కొసలా శునకమే కావలి ఉందనడం అతిశయోక్తి కాదు.

వడమాలపేటకు సమీపంలోని శ్రీకాళహస్తి మరొక ఆధారాన్ని ఇస్తుంది. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ప్రసిద్ధమైన తిన్నని కథ వేటగాళ్ళ పల్లెలో మొదలై అడవిలో నడుస్తుంది. వేట అంటే ఆనాడు జట్టుపని. వలలు పన్నేవారు, తప్పెటలతో మృగాన్ని లేపేవారు, జాగిలాలను పట్టుకొనేవారు ఎవరి పనిలో వారు ఉంటారు. కుక్కను వదలడం ఎంత విద్యో వెనక్కి పిలవడం అంతకు మించిన విద్య. నేటి పెంపకంలో లోపిస్తున్నది ఈ రెండో విద్యే.

3. శిలపై నిలిచిన కుక్కలు:

క్రీ.శ. 949లో రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునికి, చోళ యువరాజు రాజాదిత్యునికి తక్కోలం వద్ద యుద్ధం జరిగింది. తక్కోలం నేటి తమిళనాడులో, అరక్కోణం సమీపాన ఉంది. నగరి దాటితే ఆ సీమ మొదలవుతుంది. ఈ యుద్ధంలో రాజాదిత్యుని సంహరించిన గంగరాజు బూతుగుడు, తన పక్షాన సాహసం చూపిన మణలేరుణ్ణి ఏమి కావాలో కోరుకోమన్నాడు. అతడు కోరినది కాళి అనే వేటకుక్కను. ఆ తరువాత ఆ కుక్కను ఒక పెద్ద అడవిపందిపైకి వదలగా రెండూ పోరాడి రెండూ మరణించాయి. కర్ణాటక మండ్య జిల్లాలోని ఆతకూరులో, చెల్లేశ్వరాలయం ముందు కాళికి స్మారకశిల నిలిపి, దానికి భూమి ఇచ్చారు. కుక్క, పంది తలపడుతున్న శిల్పం ఆ శిలపై ఉంది. శిలను పూజించక భోజనం చేసే అర్చకునికి ఆ కుక్క చేసిన పాపం అంటుతుందని శాసనం చెబుతుంది. చక్రవర్తుల యుద్ధాన్ని నమోదు చేసిన ప్రధానాధారాలలో ఒకటి ఒక కుక్క సమాధిరాయి కావడం చరిత్రలోని చమత్కారం.

ఇంతకంటే ప్రాచీనమైనది తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులోని వీరగల్లు. పల్లవ మహేంద్రవర్మ కాలానికి చెందిన ఈ తమిళ శాసనం కోవివన్ అనే కుక్క ఇద్దరు దొంగలను కరిచి కావలి కాసిందని చెబుతుంది. ఒకటి వేటకుక్క, మరొకటి కాపలాకుక్క. రెండింటికీ సొంత పేరు ఉంది, చేసిన పని నమోదై ఉంది. రెండూ మనుషుల వెంట ఉండి పనిచేసినవే గాని గొలుసుకు కట్టి మరచిపోయినవి కావు.

తెలుగు నేలపై ఈ ధోరణి అంతరించలేదు. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలోని పందికోన గ్రామం పేరుతో ప్రసిద్ధమైన కుక్కలు వేటకు, కావలికి పేరొందాయి. కోస్తాలో కొల్లేటి పరిసరాల జోనంగి కుక్కలు బాతులమందలను మళ్ళించే పనిలో ఆరితేరినవి. పొట్టి వెంట్రుకలు, సన్నని దేహం, పొడవైన మూతి - ఈ లక్షణాలు ఇక్కడి ఎండను తట్టుకోవడానికి అనువైనవి. వడమాలపేట తోటకు కావలి కావలసినవారు మొదట చూడవలసిన దిక్కు ఇదేనని చెప్పడంలో సంకోచం అక్కరలేదు.

4. అమెరికన్ బుల్‌డాగ్ - పని చేసిన చరిత్ర:

బుల్‌డాగ్ పేరులోని బుల్ అంటే ఎద్దు. ఇంగ్లండులో కట్టివేసిన ఎద్దుపైకి కుక్కలను ఉసిగొలిపే క్రూర వినోదం ఉండేది. 1835లో చట్టం దానిని నిషేధించింది. అక్కడ పని పోయిన కుక్క క్రమంగా ఇంటి అలంకారంగా మారి, మూతి కురచబారింది. అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వలసవెళ్ళిన వారి వెంట వెళ్ళిన పాతరకం బుల్‌డాగులు మాత్రం పొలాల్లో పనిచేస్తూనే ఉన్నాయి. తప్పించుకున్న పశువును నిలబెట్టడం, పంటపై పడే అడవిపందిని పట్టి యజమాని వచ్చేదాకా వదలకపోవడం, ఇల్లు కాయడం వాటి పనులు. రెండవ ప్రపంచయుద్ధం నాటికి ఇవి దాదాపు కనుమరుగు కాగా, జాన్ డి. జాన్సన్, అలన్ స్కాట్ ప్రభృతులు మారుమూల పొలాల నుండి మిగిలినవాటిని సేకరించి జాతిని నిలబెట్టారు. 1999లో యునైటెడ్ కెన్నెల్ క్లబ్ దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించింది. మగకుక్క బరువు సుమారు 34 నుండి 57 కిలోల వరకు ఉంటుంది.

పట్టి వదలకపోవడం ఈ కుక్క గుణం. అది కోపం కాదు, తరతరాల ఎంపికలో స్థిరపడిన పనితనం. ‘మొరిగే కుక్క కరవదు’ అనే సామెతను ఇక్కడ తలకిందులు చేసి చదవాలి. పట్టుడుకుక్క ముందుగా పెద్దగా మొరగకపోవచ్చు. చెవులు బిగియడం, దేహం కదలక నిలిచిపోవడం, చూపు ఒకేచోట నాటుకోవడం వంటి నిశ్శబ్ద సూచనలే దాని భాష. ఇంట్లో పిల్లలున్నవారు ఆ భాష నేర్చుకోకుండా ఈ కుక్కను తేవడం సాహసం కాదు, అలక్ష్యం.

5. ఎండ, నీరు, తిండి:

వడమాలపేట ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సాధారణం. ఇక్కడ బరువైన కుక్కకు మొదటి శత్రువు దొంగ కాదు, ఎండ. మనిషికి ఒళ్ళంతా చెమట పోసి చల్లబడుతుంది. కుక్కకు ఆ సౌకర్యం పాదాల అడుగున స్వల్పంగా తప్ప లేదు. నాలుక చాచి రొప్పుతూ, నోటిలోని, ముక్కులోని తడిని ఆవిరి చేసుకొని మాత్రమే అది వేడిని వదులుకోగలదు. మూతి ఎంత కురచైతే ఆ తడి తలం అంత తక్కువ. కండరాలు ఎంత ఎక్కువైతే పుట్టే వేడి అంత ఎక్కువ. అమెరికన్ బుల్‌డాగ్ మూతి ఇంగ్లిష్ బుల్‌డాగ్ అంత కురచ కాకపోయినా, జోనంగి మూతితో పోల్చదగినది కాదు.

కాబట్టి వేసవిలో నడక సూర్యోదయానికి ముందు, పొద్దు గుంకి నేల చల్లారిన తరువాత మాత్రమే ఉండాలి. తారురోడ్డుపై అరచేతి వెనుక భాగాన్ని ఐదారు క్షణాలు ఉంచలేకపోతే కుక్క పాదం కూడా ఉండలేదు. రేకుల షెడ్డులో కట్టివేయడం పొయ్యిమీద కట్టివేయడంతో సమానం. చింతచెట్టు నీడ, కొబ్బరాకు పందిరి, తడిపిన గోనెపట్టా దీనికంటే ఎన్నో రెట్లు మేలు. సగటున కిలో బరువుకు రోజుకు 50 నుండి 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. 45 కిలోల కుక్కకు దాదాపు రెండున్నర లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ. ఒలికిపోని బరువైన రాతితొట్టి ఇందుకు సరిపోతుంది.

కుక్క సహజ ఉష్ణోగ్రత సుమారు 38.3 నుండి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 దాటితే ప్రాణాపాయం. ఆగని రొప్పు, చిక్కని చొంగ, చిగుళ్ళు కెంపెక్కడం, తూలడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు ముందు చల్లబరచాలి, తరువాతే వాహనం ఎక్కించాలి. ఒంటినిండా బోరునీళ్ళు పోస్తూ, గాలి తగిలేలా చేసి, ఆపై పశువైద్యుని వద్దకు తీసుకెళ్ళాలి. స్పృహ తప్పిన కుక్క నోట్లో నీళ్ళు పోయడం మాత్రం దాని ఊపిరితిత్తులను ముంచడమే. 1955లో ఏర్పడిన పశువైద్య కళాశాల, 2005లో నెలకొన్న శ్రీవేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలో ఉండటం ఈ ప్రాంతవాసులకు కలిసివచ్చిన అంశం.

తిండి విషయంలో వాడుక ఒకటి, అవసరం ఒకటి. ఇంట్లో మిగిలిన అన్నం, సంగటి, మజ్జిగ కుక్కకు పెట్టడం ఇక్కడి రివాజు. ఊరంతా తిరిగి తన లోటు తాను తీర్చుకొనే కుక్కకు అది చెల్లింది. కట్టివేసిన 45 కిలోల కుక్కకు చెల్లదు. దానికి రోజుకు దాదాపు 1,900 నుండి 2,000 కిలోకాలరీలు కావాలి. ఆ శక్తి మొత్తం బియ్యం నుండే రావాలంటే సుమారు 550 గ్రాములు వండాలి. అందులో మాంసకృత్తులు 40 గ్రాములకు మించవు. అమెరికా పశ్వాహార నియంత్రణాధికారుల సంఘం ప్రమాణం ప్రకారం ప్రతి వెయ్యి కిలోకాలరీలకు కనీసం 45 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. అంటే కడుపు నిండినా సగం లోటే. గుడ్లు, కోడిమాంసం, చేప కలిస్తేనే అన్నమైనా సంగటైనా ఈ కుక్కకు ఆహారమవుతుంది. ఉడికించిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర, ద్రాక్ష, చాక్లెట్ విషతుల్యాలు. వెడల్పు ఛాతీ గల కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉన్నందున రోజు తిండిని రెండు పూటలుగా పంచి, తిన్న వెంటనే పరుగెత్తనీయకూడదు.

6. కీళ్ళు, పిడుదులు, టీకాలు:

ఈ జాతిలో తుంటికీలు సరిగా అమరకపోవడం తరచుగా కనిపించే లోపం. పుత్తూరు కట్టు ప్రఖ్యాతి గల సీమలో కుక్క కుంటగానే కట్టు ఆలోచన రావడం సహజమే. కాని ఇది విరుగుడు కాదు, వంశపారంపర్యంగా వచ్చే అమరికలోపం. దీనికి కట్టు లేదు. పిల్లను కొనేముందు తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే అడగడం, ఏడాదిన్నర వయసు వరకు బరువులు లాగించకపోవడం, ఒళ్ళు పెరగనీయకపోవడం మేలైన జాగ్రత్తలు. త్వరగా పెరగాలని పిల్లకు అదనంగా కాల్షియం పోయడం మేలు కన్న కీడు ఎక్కువ చేస్తుంది.

ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసిన తరువాత పచ్చికలో పిడుదులు పెరుగుతాయి. ఇవి ఎర్లీకియా, బేబీసియా అనే సూక్ష్మజీవులను కుక్క రక్తంలోకి చేరవేస్తాయి. జ్వరం, తిండి మానడం, ముక్కు నుండి రక్తం, పాలిపోయిన చిగుళ్ళు కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. పశువులపై చల్లే గోమార్ల మందును మోతాదు తెలియక కుక్కకు పూస్తే విషమయ్యే ప్రమాదం ఉంది.

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలై, వైద్యుని సూచన మేరకు క్రమం తప్పకుండా సాగాలి. ‘కుక్కకాటుకు చెప్పుదెబ్బ’ అనే సామెత మాటకారితనానికి బాగుంటుంది గాని వైద్యానికి గాని, తర్ఫీదుకు గాని పనికిరాదు. కాటు పడిన చోట కారం, సున్నం, ఆకుపసరు పెట్టక, ధారగా పారే నీటితో సబ్బుపెట్టి 15 నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంటికుక్కకు టీకా వేసి ఉందన్న ధైర్యం ఈ పనిని మాన్పించకూడదు.

7. కట్టు, మచ్చిక, చట్టం:

కుక్కను పగలంతా కట్టి రాత్రి వదిలితే పౌరుషం పెరుగుతుందన్నది విస్తృతమైన నమ్మకం. నిజానికి పెరిగేది భయం, విసుగు. మనుషులను, పిల్లలను, సైకిలును, మేకను చూడకుండా పెరిగిన కుక్క ప్రతి కొత్త ఆకారాన్నీ శత్రువుగా ఎంచుతుంది. మూడు వారాల నుండి సుమారు మూడు నెలల వయసు వరకు పిల్లకు లోకం పరిచయమయ్యే కాలం. ఆ కాలంలో తోటకు వచ్చే కూలీలను, పాలమనిషిని, బడిపిల్లలను నెమ్మదిగా చూపించాలి. వచ్చినవారు అపరిచితులు కారని కుక్కకు తెలియడం వల్ల కావలి బలహీనపడదు. ఎవరిని వదలాలో తెలిసిన కుక్కకే ఎవరిని ఆపాలో తెలుస్తుంది.

బయటకు నడిపించేటప్పుడు గట్టి మెడపట్టె, పొట్టితాడుతో పాటు మూతికి చిక్కం అలవాటు చేయాలి. నూర్పిడిలో ఎద్దుల మూతికి చిక్కం కట్టిన రైతుకు ఇది కొత్త కాదు. నోరు తెరిచి రొప్పగలిగేంత వెడల్పైన చిక్కమే కట్టాలి. గుడ్డతో మూతి బిగించడం ఈ ఎండలో ఊపిరి తీయడమే. కుక్కను పట్టుకున్న మనిషి దానిని ఆపగలిగినవాడై ఉండాలి. 45 కిలోల జంతువును పదేళ్ళ పిల్లవాని చేతికిచ్చి వీధిలోకి పంపడం ముగ్గురికి అన్యాయం - పిల్లవానికి, ఎదురొచ్చినవారికి, కుక్కకు.

అడవిపందులు చెనిక్కాయల చేలను తవ్విపోస్తున్నప్పుడు పట్టుడుకుక్క పూర్వవృత్తి గుర్తుకు రావడం వింత కాదు. అయితే అడవిపంది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోని జంతువు. అనుమతి లేని వేట నేరం. కాళి కథలో పంది ఒక్కటే చావలేదన్నది కూడా మరువరాదు. కుక్కలను పోరుకు ఉసిగొల్పడం, అనుచితంగా పొట్టి లేదా బరువైన గొలుసుతో దీర్ఘకాలం కట్టివేయడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరాలు. జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా నిర్దేశిస్తుంది.

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతిని, పెంపకాన్ని, విక్రయాన్ని ఆపాలని, ఇప్పటికే ఇళ్ళలో ఉన్నవాటికి సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. అమెరికన్ బుల్‌డాగ్ ఆ జాబితాలో ఉంది. జపాను దేశపు తోసా రెండు పేర్లతో రెండుసార్లు వచ్చింది. టెరియర్లు, మాస్టిఫ్‌లు అంటూ మొత్తం వర్గాలనే చేర్చారు. కుక్కలపై శాసనం చేసేవారు కుక్కల పేర్లు చూసుకోకపోవడం విచారకరం. సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు 2024 ఏప్రిల్‌లో ఈ లేఖను కొట్టివేసింది. జాతి పేరును బట్టి నిషేధించడమా, యజమాని నడవడిని బట్టి బాధ్యుణ్ణి చేయడమా అన్న చర్చ ప్రపంచమంతటా ఉంది. కాటుకు గురైన కుటుంబం వైపు నుండి చూస్తే నిషేధం కోరడం సహజం. కాని ఒక జాతిని ఆపితే మరో పేరుతో మరో బరువైన కుక్క అంగడిలోకి వస్తుంది. మూతికి చిక్కం, ప్రహరీకి గేటు, టీకాకు పుస్తకం, పెంపకందారునికి నమోదు - ఈ నాలుగూ ఏ జాతికైనా వర్తించేవి, పంచాయతీ స్థాయిలో తనిఖీకి వీలైనవి.

ఇటువంటి కుక్క ఆయుష్షు పదీపన్నెండేళ్ళు. తోట కౌలు మారినా, కొడుకు ఉద్యోగానికి చెన్నై వెళ్ళినా, గృహిణి ఒక్కతే ఇంట మిగిలినా కుక్క అక్కడే ఉంటుంది. దాని చివరి మూడు నాలుగేళ్ళలో నడుము వంగి, కీళ్ళు పట్టి, నలభై కిలోల దేహాన్ని ఎత్తి రిక్షాలోకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి. కుక్కపిల్లకు బయానా ఇచ్చే రోజున ఆ ఇద్దరు ఎవరో ఇంట్లో మాట్లాడుకొని తేల్చుకోవాలి.